పక్క సీటులో బ్రేకు

ఉదయంపూట ఆ వీధుల్లో పసుపుపచ్చ కారు ఒకటి నత్తనడక నడుస్తూ కనిపించేది. స్టీరింగు ముందు ఎవరో ఒకరు చెమటలు కక్కుతూ డ్రైవింగు నేర్చుకుంటూ ఉండేవారు. పక్క సీటులో నేర్పే మాస్టారు. అటువంటి కార్లలో మాస్టారి పాదాల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవారు తడబడితే తొక్కి ఆపడానికి. వెనక సీటులో ఆయన కూతురు, పదహారేళ్ళ పిల్ల, బడికి వెళ్తూ కిటికీకి తల ఆనించి నిద్రపోతూ ఉండేది.

"రాత్రంతా చదివినట్టుంది, పాపం," అంది ఒకనాడు నేర్చుకుంటున్న బ్యాంకు ఉద్యోగిని.

"మా పిచ్చుక పుస్తకం పట్టిందంటే దించదండీ. మీరు వెనక్కి చూడకండి, రోడ్డు చూడండి. అయ్యయ్యో, ఎడమ! ఎడమంటే గడియారం పెట్టుకున్న చెయ్యండీ!" అంటూ మాస్టారు బ్రేకు తొక్కాడు.

కారు కుదుపుతో ఆగింది. ముందు సీట్లలో ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వెనక సీటులో పిల్ల కన్ను కూడా తెరవలేదు.

అది చదువు తెచ్చిన నిద్ర కాదు, మత్తుబిళ్ళ తెచ్చిన నిద్ర. రోడ్డు మీద ప్రతి గుంతనూ ముందే పసిగట్టే ఆ తండ్రి, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చున్న బిడ్డ కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయో గమనించలేదు. తల్లికి మాత్రం అనుమానం తగిలింది. ఆమె ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కూతురు పొద్దెక్కినా లేవలేని రోజున బడికి ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెప్పేది. గుట్టుగా ఉంచితే నయమవుతుందనుకుంది. గుట్టు వల్ల ఏ రోగమూ నయం కాదు, పాఠకులారా. గుట్టు దానికి నీడనిచ్చి పెంచుతుంది.

తరగతిగదిలో అమ్మాయి కుప్పకూలిన రోజున సంగతి బయటపడింది. ప్రభుత్వాసుపత్రి డాక్టరు ప్రాణగండం తప్పించాడు. బిళ్ళలు ఒక్కసారిగా మానేస్తే కూడా ప్రమాదమేనని చెప్పి, మెల్లగా మాన్పించే మందులు తన పర్యవేక్షణలోనే మొదలుపెట్టాడు. "ఒంటి సంగతి నేను చూస్తాను. మనసు సంగతి కౌన్సెలరు గారు చూస్తారు. మీరు ముగ్గురూ వెళ్ళాలి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మాస్టారి అక్కగారు సిద్ధంగా ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ కబుర్లతో రోగాలు కుదురుతాయా? ఊరవతల ఒక ఆశ్రమం ఉందిట. తాళం వేసి ఉంచుతారు. బయటి గాలి తగలనివ్వరు. తిక్క కుదిర్చి పంపుతారు. నేను మాట్లాడి ఉంచా."

"మరోసారి తప్పు చేస్తే అక్కడికే పంపుతాను," అన్నాడు మాస్టారు, కూతురికి వినబడేలా.

కౌన్సెలరు గది చిన్నది. కుర్చీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆమె నేరుగా అమ్మాయినే అడిగింది.

"మొదటిసారి వేసుకునే ముందు ఏం జరిగిందమ్మా?"

"చెడు సావాసమండీ," అన్నాడు మాస్టారు.

"అప్పుడు నీకేమనిపించింది?"

"ఏముందండీ, పరీక్షల భయం."

"నేను అమ్మాయిని అడిగానండీ."

"అదే, అది చెప్పలేకపోతోంది కదా అని..."

కౌన్సెలరు కిందికి చూసింది. "మాస్టారూ, మీ కాలు ఏం చేస్తోంది?"

అందరూ చూశారు. కూతురు పెదవి కదిపినప్పుడల్లా ఆయన కుడిపాదం నేలను గట్టిగా తొక్కుతోంది.

"ఇక్కడ బ్రేకు లేదండీ," అంది కౌన్సెలరు.

అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకుండానే ఏడుపు అందుకుంది.

"ఇంట్లోనూ ఇంతే. నేను నోరు తెరిస్తే చాలు, నాన్న ఆపేస్తాడు. ఏం చదవాలో, ఎవరితో మాట్లాడాలో అన్నీ ఆయనే. నేను ఎలాగూ గుద్దేస్తానని ఆయన నమ్మకం. నాకూ అదే నమ్మకం పట్టుకుంది. బిళ్ళ వేసుకుంటే కాసేపు నా పక్క సీటులో ఎవరూ లేనట్టుంటుంది."

మాస్టారు ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి మింగేశాడు.

కౌన్సెలరు విడమరిచి చెప్పింది. "ముందు 'నేను ఎలాగూ చెడగొడతాను' అనే ఆలోచన వస్తుంది. దాని వెనకే గుండెదడ. దాని వెనకే బిళ్ళ. బిళ్ళను లాక్కుంటే ఆలోచన ఎక్కడికీ పోదు. కాబట్టి ఆ ఆలోచన రాగానే పట్టుకుని 'నువ్వు నిజమేనా?' అని నిలదీయడం అమ్మాయికి నేర్పుతాను. కోరిక ఎగసిపడినప్పుడు, అది తగ్గేదాకా తట్టుకోవడం నేర్పుతాను. అది ఆమె పని. మీది అంతకంటే కష్టం. మాస్టారూ, మీరు ప్రశ్న వేసి జవాబు వచ్చేదాకా ఊరుకోవాలి. అమ్మా, మీరు ఇక జ్వరమని చెప్పకూడదు."

ఆ తరువాతి రోజులు ఆ ఇంటికి నిప్పుల మీద నడకే అయ్యాయి. అమ్మాయి అరచేతులు నలుపుకుంటూ గదులన్నీ తిరిగేది. తల్లి వేలికి సూది గుచ్చుకుంటున్నా కుట్టేది. మాస్టారు మాట నోటిదాకా వస్తే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగేవాడు. "ఈ లెక్కన బావి కూడా ఖాళీ చేసేస్తావురా," అని అక్కగారు ఎత్తిపొడిచేది.

ఒక సాయంత్రం అమ్మాయి బడి నుంచి వేళకు రాలేదు. అక్కగారు చిటికెలో దాని బట్టలు సంచిలో సర్ది, ఆశ్రమానికి ఫోన్ చేసింది. బండి బయలుదేరిందన్నారు. మాస్టారు వాకిట్లోకీ ఇంట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అప్పుడు వచ్చింది అమ్మాయి, గోడ పట్టుకుని.

"వేసుకున్నాను నాన్నా," అంది, ఎవరూ అడగకముందే.

"చెప్పానా! కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? బండి వచ్చేస్తోంది, నడువు," అని అక్కగారు సంచి అందుకుంది.

మాస్టారి ముఖం కందిపోయింది. చేయి పైకి లేచింది. కానీ ఒక్క సంగతి ఆయనకు స్ఫురించింది. ఇన్నాళ్ళూ దొరికిపోయాక కూడా బొంకిన పిల్ల, ఇవాళ తనంతట తానే చెప్పింది. లేచిన చేత్తోనే కుర్చీ లాగి కూతురిని కూర్చోబెట్టి, తానూ ఎదురుగా కూర్చున్నాడు.

"వేసుకునే ముందు మనసులో ఏమనుకున్నావమ్మా?"

తల్లి కుట్టుమిషను ఆపి కూతురి పక్కకు చేరింది. మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. ఊరుకోవడమంటే ఇంత బరువని ఆయనకు అప్పుడే తెలిసింది.

"క్లాసులో పెద్దమేడం అందరి ముందూ నన్ను చూపించి, కుళ్ళిన పండు బుట్టనంతా పాడుచేస్తుందని అన్నారు," అంది చివరికి. "ఎలాగూ కుళ్ళిపోయాను కదా, ఇంకొకటి వేసుకుంటే పోయేదేముంది అనుకున్నా."

"అది నిజమేనా?"

"కుళ్ళిన దాన్నయితే ఇంటికొచ్చి చెప్పేదాన్ని కాదేమో." పిడికిలి విప్పి మరో బిళ్ళ తండ్రి చేతిలో పెట్టింది. "గేటు ముందు ఫోన్ కవర్లు అమ్మే అతని దగ్గర కొన్నాను. అందరూ అక్కడే కొంటారు."

బయట హారను మోగింది. "ఆ బండివాడికి నేనేం చెప్పనురా?" అంది అక్కగారు.

"మా పిల్ల ఆసుపత్రికి వెళ్తోందని చెప్పు అక్కా. రేపు బడికి కూడా వెళ్తుందని చెప్పు."

ఆ పూటే డాక్టరుకు చూపించారు. మర్నాడు ముగ్గురూ బడిలో ఆ పెద్దమేడం, అంటే ప్రధానోపాధ్యాయిని ఎదుట నిలబడ్డారు. ఆమె టీసీ తీసుకుని వెళ్ళిపొమ్మంది, తక్కిన పిల్లల మేలు కోసమని. మాస్టారు కూతురి వైపు చూసి, మాట ఆమెకు వదిలేశాడు. అమ్మాయి బిళ్ళలు ఎవరు అమ్ముతున్నారో, ఎక్కడ అమ్ముతున్నారో చెప్పింది.

"మాకు అటువంటిదేమీ తెలియదు," అంది ప్రధానోపాధ్యాయిని.

అప్పుడు తల్లి నోరు తెరిచింది. బడిలో సగం మంది ఒంటి మీద ఆమె కుట్టిన బట్టలే ఉన్నాయి. కానీ ఆ గదిలో ఆమె గొంతు ఎవరూ ఎన్నడూ వినలేదు.

"నాకూ తెలియదనే అనుకున్నానండీ. తెలిసీ జ్వరమని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నా బిడ్డను చావు అంచుదాకా తీసుకెళ్ళింది. మీ బడి కూడా ఇప్పుడు జ్వరమనే చెబుతోంది. మేము ఇటు నుంచి పోలీసుల దగ్గరికి వెళ్తున్నాం, మీరూ రండి. టీసీ మాత్రం తీసుకోను. విషం మింగిన పిల్లను గెంటేసి, విషం అమ్మినవాణ్ణి గేటు దగ్గరే నిలబడనిచ్చేంతకాలం, అది ఇల్లయినా బడయినా, పిల్లల మేలు కోరుతున్నామని చెప్పుకునే హక్కు దానికి లేదండీ."