పదో సంతకం

మా అమ్మాయి ఎలక్షన్లో నిలబడతానన్న రోజు నాకు ముద్ద దిగలేదు. జిరాక్సు షాపులో పనిచేసుకునే పిల్లకి వార్డు మెంబరు పదవెందుకు? మా సందులో మురుగుకాలవ పొంగి మూడు నెలలైంది. అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయి, "ఇక నేనే నిలబడతా" అంది.

"రాళ్లేస్తారే! మొహం మీద ఏదన్నా పోస్తారే!" అన్నాను.

"అమ్మా, పొద్దున్నే మొదలెట్టకు" అని నవ్వింది.

ఇప్పుడున్న మెంబరు ఎవరనుకున్నారు? మా ఆయన కాపలా కాసే గోడౌను ఓనరే. నా భయమంతా అక్కడే.

నామినేషన్ కాగితం మీద వార్డులో ఓటున్న పదిమంది సంతకాలు ఉండాలట. సందులో అందరూ మా పిల్లని తెగ మెచ్చుకున్నారు. పెన్ను చేతికిస్తే మాత్రం ఒకరికి కళ్లజోడు కనపడదు, ఇంకొకరికి వేలు బెణుకుతుంది. వారం తిరిగేసరికి తొమ్మిదయ్యాయి. నామినేషన్లు వేసే ఆఖరి రోజు వంటింట్లోకొచ్చి కాగితం నా ముందు పెట్టింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టేశాను. కన్నపిల్ల అడిగితే ఎలా కాదంటాను?

మర్నాడు అది పనికెళ్లగానే గోడౌను సూపర్‌వైజరు వచ్చాడు. అందరూ మీసాలాయన అంటారు.

"ఏం అక్కా, బాగున్నావా? బావ ఆరోగ్యం ఎలా ఉంది?"

"బాగానే ఉన్నారు తమ్ముడూ."

"వయసైపోయింది కదా, జాగ్రత్తగా ఉండమను. లారీలు వెనక్కొస్తుంటాయి, పైనుంచి బస్తాలు జారుతుంటాయి. ఎవరి ఖర్మ ఎలా ఉందో!"

"నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ వద్దు. రేపు ఎలక్షన్ ఆఫీసులో నామినేషన్ కాగితాలు చూస్తారు. వచ్చి, నీ పేరుతో ఉన్న సంతకం నాది కాదను. పదిలో ఒకటి పోతే పిల్లకొచ్చే నష్టమేముంది?"

నేనూ అదే అనుకున్నాను. ఇంకా తొమ్మిది ఉంటాయిగా! అటు ఆయన ప్రాణమూ ఉద్యోగమూ నిలుస్తాయి, ఇటు పిల్లా నిలబడుతుంది. దానికి చెబితే ఊరుకోదని చెప్పలేదు.

మర్నాడు నేను ఆఫీసులోకి వెళ్లేసరికి మా అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. తనకి తోడుగా వచ్చాననుకుందేమో, జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు, నన్ను పిలిచి కాగితం చూపిస్తూ.

"కాదండీ."

"అమ్మా!" అంది మా అమ్మాయి.

"ఇక్కడ ఒకసారి పెట్టి చూపించండి."

ఎప్పుడూ గొలుసుకట్టుగా రాసే పేరుని విడివిడిగా, ఒకటో క్లాసు పిల్లలా రాశాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఎర్రపెన్ను తీసి అడ్డంగా గీత కొట్టాడు.

"పది ఉండాల్సిందే. తొమ్మిదితో నామినేషన్ చెల్లదు."

"అయ్యో! మిగతా తొమ్మిదీ మంచివే కదండీ" అన్నాను.

గదంతా నవ్వింది. "ఇదేమన్నా కూరగాయల బేరమా అమ్మా, ఒక పుచ్చుది తీసేసి తూచడానికి?" అన్నాడు ఆఫీసరు. తర్వాత ఆయన నవ్వు ఆగింది. "మరి ఈ సంతకం పెట్టిందెవరు?"

"ఇంకెవరు సార్, కాగితం తెచ్చిన పిల్లే" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మీసాలాయన. "ఫోర్జరీ. కేసు రాయండి."

"లేదు బాబూ! నాదే, నేనే పెట్టాను! ఇప్పుడు కావాలనే వేరేగా రాశాను!"

"ఏది నిజమమ్మా? ఇక్కడ అబద్ధమాడితే మీ మీదా కేసే."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. అమ్మాయి నన్ను చూసింది. ఆ చూపులో కోపమన్నా ఉంటే బాగుండేది.

"నేనే పెట్టాను సార్" అంది. "మా అమ్మకేమీ తెలీదు."

కానిస్టేబుల్‌ని పిలవమన్నాడు ఆఫీసరు. మీసాలాయన నా భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

"పద అక్కా, కార్లో దింపుతా."

వద్దనడానికి భయమేసి ఎక్కాను. కొంతదూరం పోయాక, "మరి మీ బావ ఉద్యోగం..." అని నసిగాను.

అతను అద్దంలో చూసి మీసం దువ్వుకున్నాడు. "అదే చెబుదామనుకుంటున్నా. ఫోర్జరీ కేసున్న పిల్ల తండ్రి చేతికి గోడౌను తాళాలు ఎలా ఇస్తాం? నువ్వే చెప్పక్కా."

అతను జవాబు కోసం నా వంక చూస్తుంటే, నిజమేనన్నట్టు తలూపాను.