దారాలు తెంచిన సీసాలు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నాకు వాసనలు తెలియవు. ఒకసారి గట్టిగా జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కునీ వెంట తీసుకుపోయింది. ఈ సంగతి మా పిన్నికి చెప్పలేదు. పిన్ని సువాసన నూనెలు తయారుచేసి అమ్ముతుంది. నేను వాటికి కొత్త పెట్టెలు, లేబుళ్లు డిజైన్ చేస్తున్నాను. కొత్తగా ఏది కలిపినా మూత తీసి నా ముక్కు కింద పెడుతుంది. నేను కళ్లు మూసుకుని "అబ్బ!" అంటాను. అప్పుడప్పుడూ నమ్మకంగా ఉంటుందని ఏదో ఒక వంక కూడా పెడతాను.

ఆ రోజు పెద్ద దుకాణాల కొనుగోలు మేనేజర్ రావాలి. ఆయన సరేనంటే పిన్ని నూనెలు ఊరంతా అరల మీదికెక్కుతాయి. కాదంటే నూనెలు చేసే ఈ గది ఖాళీ చేసి, పిన్ని మళ్లీ సబ్బుల ఫ్యాక్టరీలో చేరాల్సిందే.

పిన్ని సీసాల మెడకు రంగు దారాలు కడుతుంది. ఎర్రది గులాబీ, పచ్చది నిమ్మగడ్డి, అలా. ఫొటోలకు అడ్డం వస్తున్నాయని పొద్దున వాటన్నిటినీ కత్తిరించేశాను. ఫొటోలు అదిరిపోయాయి. సీసాలు మాత్రం ఏది ఏదో తెలియకుండా పోయాయి.

"లేబుళ్లు అంటించావా?" లోపలి గదిలోంచి పిన్ని.

"ఆ, అయిపోతోంది!"

"వాసన చూసి అంటించడానికి ఇంతసేపా మహారాణీ?"

వెలుతురుకు ఎత్తి చూశాను. అన్నీ తేనె రంగే. ఒకటి మాత్రం ముక్కులో చల్లగా గుచ్చింది, అది పుదీనా. మిగతావాటికి గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటించేశాను. అంతలోనే బెల్ మోగింది.

మేనేజర్ కూర్చోకుండానే పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. "పెట్టె బాగుందండీ. చూడగానే కొనాలనిపిస్తోంది."

"అంతా మా పిల్ల పనే సార్," పిన్ని మురిసిపోయింది. "దాని ముక్కు బంగారం. అది బాగుందంటేనే సీసాలో పోస్తాను."

ఆయన 'గులాబీ' సీసా తీసి మూత తిప్పడం మొదలుపెట్టాడు. లోపల ఇంకేదైనా ఉంటే, తన సీసాలో ఏముందో పిన్నికే తెలియదనుకుంటాడు.

"సార్, ఆగండి!" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "లేబుళ్లు నేనే అంటించాను, ఊహించి. నాకు వాసన తెలియదు. పిన్ని తప్పేం లేదు."

ఆయన చెయ్యి ఆగింది. పిన్ని ఆయన్ని చూడలేదు, నన్నే చూసింది.

"మరి సంపెంగ కలిపినదాంట్లో లవంగం ఘాటెక్కువైందన్నావు కదే?" మెల్లగా అడిగింది. "నువ్వన్నావనే తగ్గించాను."

పిన్ని ఒక్కో సీసా వాసన చూసి, లేబుళ్లు పీకి, మళ్లీ అంటించింది. ఒక్కదాని దగ్గరా తడబడలేదు. 'గులాబీ'లో ఉన్నది నిమ్మగడ్డి.

మేనేజర్ అన్నీ వాసన చూసి సంపెంగ దగ్గర ఆగాడు. "ఇందులో లవంగం ఇంకాస్త ఉండాలేమోనండీ."

"ఉండేది సార్," అంది పిన్ని, నన్నే చూస్తూ.

లవంగం మళ్లీ కలిపితేనే అన్న షరతు మీద ఒక్క దుకాణానికి సరిపడా ఆర్డరిచ్చాడు. మిగతా ఊరి సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆయన వెళ్లగానే పిన్ని లవంగ నూనె తీసి కలిపింది. నా ముక్కు కింద పెట్టలేదు. ఎదురింటావిడను పిలిచి అడిగింది.

ఇప్పటికీ పని వరకే మాట్లాడుతోంది. మీరెప్పుడైనా ఇంట్లోవాళ్ల పనిని ఇలా ఉత్తుత్తిగా మెచ్చుకుని దొరికిపోయారా? ఆ తర్వాత వాళ్లు మిమ్మల్ని మళ్లీ ఎలా నమ్మారో రాయండి. ఆ జవాబు నాకు నిజంగానే కావాలి.