కాడ మీద గుడ్డ

నా పెద్ద భయం చావు కాదు, నా మూడేళ్ళ పిల్ల ఈ మొహం చూసి ఎవరీవిడ అని వాళ్ళ నాన్న కాళ్ళ వెనక దాక్కోవడం, నాలుగింటికి తీసుకొస్తానన్నాడు మా ఆయన, ఇప్పుడు మూడున్నర, ఈ గోడ గడియారం నడుస్తోందో నిలబడి నన్నే చూస్తోందో, ముక్కు కొన మీద ఏడాదిగా మానని పుండును లోతుగా కోసి తీసేశారు, ఆ గుంత పూడ్చడానికి నుదుటి చర్మాన్ని పట్టీలా కోసి, కనుబొమ్మ దగ్గర మాత్రం తెంచకుండా ఉంచి, మెలితిప్పి కిందికి దించి కుట్టారు, ఆ పుండు కాన్సరన్న సంగతి నాకు చెప్పకుండా మా ఆయనకు చెప్పారు, ఆయన మొహమే నాకు చెప్పేసింది, ఇప్పుడు నా రెండు కళ్ళ మధ్య వేలు లావున కాడ ఒకటి, మూడు వారాలు ఇలాగే ఉండాలట, ఈ కాడలోంచే కొత్త ముక్కు రక్తం తాగుతుందమ్మా, అది అక్కడ అతుక్కుని సొంతంగా బతికాక కోసేస్తాం, అప్పటిదాకా దీని మీద ఏదీ ఒత్తకూడదు అన్నారు డాక్టరుగారు, సరేనని తల ఊపాను, ఎనిమిదిలో బడి మానేసిన దాన్ని, కోటు వేసుకున్నవాళ్ళు ఏం చెప్పినా ముందు తల ఊగుతుంది, అర్థం తీరిగ్గా వెనక వస్తుంది, ఒత్తకూడదంటే వేలితో నొక్కకూడదనే అనుకున్నాను, గుడ్డ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు, అరగంట కిందట చున్నీని నాలుగు మడతలు వేసి కాడ కనబడకుండా బిగించి వెనక ముడి వేసుకున్నాను, కళ్ళు మాత్రం కనిపిస్తే చాలు, నా కళ్ళు చిన్నదానికి తెలుసు.

ఈ కట్టు నాకు కొత్త కాదు, పొద్దున పక్క మంచం అక్కకు కట్టింది నేనే, ఆవిడది బట్టలు కుట్టే పని, చెంప మీది చర్మాన్ని తిప్పి ముక్కు పక్కన అతికారు, ఆవిడకూ ఒక కాడ, ఏమే, నీకు తొండం మొలిచింది, నాకు చెంపకు జేబు కుట్టారు, అందులో చిల్లర వేసుకోవచ్చు అంటుంది, నవ్వించకక్కా, కుట్లు లాగుతున్నాయి అంటాను, కానీ ఇంటికి పంపిస్తున్నామనగానే ఆ నవ్వంతా పోయింది, బస్సులో జనం చూస్తారే, గుమ్మంలో మనవడుంటాడే అంది, ఇలా తిరుగక్కా అని ఆవిడ ఆకుపచ్చ చున్నీ తీసుకుని బిగించి కట్టాను, ఇంటికెళ్ళాక కూడా విప్పకు, పిల్లాడు జడుసుకుంటాడు అన్నాను.

ముక్కు కొన మొద్దుబారిందేమిటి, ఇందాకటిదాకా చిమచిమలాడింది, ఇప్పుడసలు లేనట్టే ఉంది, తలుపు చప్పుడు, చిన్నదేమో, కాదు నర్సమ్మ, గంటగంటకూ వచ్చి వేలి కొనతో మెల్లగా తాకి రంగు చూసి వెళ్ళే నర్సమ్మ, ఇదేమిటమ్మా ఇది, ఎవరు కట్టారు, నేనేనండీ, పిల్ల వస్తుందని, ఆవిడ ముడి విప్పడం కాదు కత్తిరించేసింది, వంకాయ రంగుకు తిరిగిందండీ, త్వరగా రండి అని వరండాలోకి కేక వేసింది, డాక్టరుగారు వచ్చారు, తిట్టలేదు, తిట్టినా బాగుండేది, గొంతు నులిమినట్టేనమ్మా ఇది అన్నారు, తల ఎత్తులో పెట్టి కూర్చోబెట్టారు, ఇద్దరూ నా ముక్కు వంక చూస్తూ నిలబడ్డారు, పోతుందా సార్, మళ్ళీ ఇంకో చోట కోస్తారా, మాట్లాడకు, నాకు నా ముక్కు కనబడదు, వాళ్ళ మొహాలే చదువుకోవాలి, ఎంతసేపో, చివరికి నర్సమ్మ భుజాలు కిందికి దిగాయి, ఎరుపు తిరుగుతోంది అంది.

అప్పుడే వచ్చారు, దాచుకోవడానికి చేతిలో గుడ్డ ముక్క లేదు, నేను భయపడ్డట్టే చిన్నది వాళ్ళ నాన్న కాళ్ళ వెనక దాక్కుంది, అంతే, నేనేమీ చచ్చిపోలేదు, కాసేపటికి ఒక కన్ను బయటికి వచ్చింది, అమ్మా, దెబ్బయిందా, అయిందే తల్లీ, ఊదనా, అక్కడి నుంచే ఊది, మళ్ళీ దాక్కుంది, ఆ మాత్రం దానికా నేను కాడ పీక నొక్కింది, అరగంటకే నాది వంకాయ రంగయితే పొద్దుటి నుంచి బిగించి ఉన్న అక్కది, విప్పకు అన్నాను కదా, నా మాట కాదనదు కదా ఆవిడ, నర్సమ్మకు చెప్పాను, అక్కకు మూడుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు, కుట్టు మిషను చప్పుడులో వినబడటం లేదేమో, అయ్యా, అమ్మా, ఇది చదివేవాళ్ళెవరైనా సరే, మీ వీధిలో బట్టలు కుట్టే ఆవిడ మొహానికి ఆకుపచ్చ చున్నీ బిగించుకుని కనిపిస్తే, ఏమనుకుంటుందోనని ఆగకండి, తలుపు కొట్టండి, ఆ ముడి విప్పించి ముక్కు పక్కన అతికిన చర్మం రంగు ఎలా ఉందో ఒక్కసారి చూడండి.