రాతి తాబేలు మీద ఇద్దరు

పొద్దున్నే ఆఫీస్‌కి బయల్దేరుతూ మోహన్, ట్రాఫిక్ సంగతి అడిగినట్టే అడిగేవాడు: "తాబేలు ఎంతవరకొచ్చింది?"

"ఎర్రగోడ దాటలేదింకా" అనేది అతని భార్య ఛాయాదేవి, లంచ్‌బాక్స్ మూత పెడుతూ.

న్యూజెర్సీ పార్సిప్పనీలో వాళ్ళ అపార్ట్‌మెంట్ హాల్లో కింది ఫ్లోర్ లియాంగ్ గారు వేసిన బొమ్మ ఉంది. చైనాలో పాతకాలపు రాజులు తమ గొప్పలు రాతి పలకల మీద చెక్కించి, రాతి తాబేళ్ళ వీపున నిలబెట్టించేవారట. లియాంగ్ గారు తన బొమ్మలో ఆ పలక తీసేసి, ఈ ఇంటి పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టారు. ముందు కౌస్తుభ్, వెనక చెల్లెలు ఆద్య, కాళ్ళాడిస్తూ, పగలబడి నవ్వుతూ. "ఇన్నాళ్ళూ రాజుల్ని మోసింది పాపం, కాస్త పిల్లల్ని మోయనిద్దాం" అన్నారాయన.

కౌస్తుభ్ రూట్ ఎయిటీ హైవే మీద యాక్సిడెంట్‌లో పోయాడు. ఆ వారమే బొమ్మలో తాబేలు కదిలింది. తాబేలు నడకే అయినా నడక నడకే కదా! బొమ్మ అంచు దగ్గరపడ్డప్పుడల్లా ఛాయాదేవికి భయం పట్టుకునేది. అంచు దాటితే కొడుకు మరి కనపడడు. పరుగున వెళ్ళి లియాంగ్ గారిని పిలుచుకొచ్చేది. ఆయన ఇంకో కాన్వాస్ ముక్క అతికి, ఇంకాస్త ఎర్రగోడా, ఇంకాస్త దారీ గీసి వెళ్ళేవారు. బొమ్మ హాలు దాటి కిచెన్ గోడ మీదికి పాకింది. ఎవరూ ఏమీ అనలేదు. కన్నతల్లి కదా.

ఆద్య మాత్రం చిక్కిపోతోంది. బ్లడ్ టెస్టులన్నీ నార్మల్. కంచంలో మెతుకులు కెలికి లేచిపోతుంది.

"రెండు ముద్దలు తిను తల్లీ."

"హంగ్రీ లేదమ్మా. ఐ డోంట్ నో, ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టుంది."

ఆ వసంతంలో ఇంకో ముక్క అతుకుతూ లియాంగ్ గారు కుంచె ఆపారు. "అమ్మా ఛాయా" అన్నారు, తన నెమ్మది ఇంగ్లీష్‌లో. "మీరు దారి అడుగుతున్నది ఒక్కడి కోసం. తాబేలు మీద ఉన్నది ఇద్దరు."

అప్పుడు చూసింది. ఇన్నాళ్ళూ కొడుకు మొహం తప్ప, వాడి వెనక కూతురొకతి ఉందన్నది ఆమె కంటికి ఆనలేదు. బొమ్మలో ఆద్య నవ్వడం మానేసింది. అన్న చొక్కా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. ఛాయాదేవికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పిల్లని దించండి లియాంగ్ గారూ!"

"నాకు గీయడమే తెలుసమ్మా. దించడం నా చేతిలో లేదు."

ఛాయాదేవి గోడ దగ్గరికి వెళ్ళింది. కౌస్తుభ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూస్తూ ఆ మాట అనడం ఏ తల్లి వల్లా కాదు. అయినా అంది.

"ఇంక దారి గీయించను నాన్నా. నువ్వెళ్ళు. చెల్లిని దింపి వెళ్ళు."

లియాంగ్ గారు రంగులు సర్దుకున్నారు.

తెల్లారేసరికి బొమ్మలో తాబేలు లేదు. అంచు దగ్గర ఆద్య ఒక్కతే నిలబడి, దూరంగా చూస్తోంది.

ఛాయాదేవి కిచెన్‌లో నేల మీద కూలబడి ఏడుస్తుంటే ఆద్య తన గదిలోంచి వచ్చి పక్కన కూర్చుంది.

"అన్న నన్ను ఎత్తి కింద పెట్టాడమ్మా" అంది. తప్పు చేసినదానిలా, "ఆకలేస్తోంది" అంది.

ఛాయాదేవి లేచి అట్లు పోసింది. ఆద్య కడుపునిండా తింది. తిన్నంతసేపూ ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు.