నీళ్లు మరిచిన కాఫీ

నేను ఒక మోకాను. పేరు విని కంగారు పడకండి, పొయ్యి మీద కాఫీ కాచే చిన్న అల్యూమినియం పాత్రను. కింది అరలో నీళ్లు, నడుమ జల్లెడలో పొడి, పై అరలోకి బుసబుసమంటూ ఎగదన్నే కాఫీ. నా ఒళ్లంతా ఇంతే. ఇటలీలో ఒక కార్ఖానాలో నన్ను పోత పోశారు. ఆ దేశంలో చదువుకున్న పరిమళగారు చీరల మధ్య చుట్టి నన్ను హైదరాబాదు తెచ్చారు. ఆవిడ ఒక కాలేజీలో ఇటాలియన్ చెబుతారు.

తరగతిలో తొలిరోజే నాకు తలవంపులయ్యాయి. నా కాఫీ చిట్టి కప్పుల్లో రుచి చూసి పదకొండు మంది పిల్లలూ మొహాలు చిట్లించారు.

"ఇది కాఫీ కాదండి, జ్వరానికిచ్చే కషాయం," అంది సువార్త.

సువార్త చీరాల మగ్గాల ఇంటి పిల్ల. వేరే కోర్సుల్లో సీట్లు నిండిపోయి ఇటాలియన్‌లో చేరింది, చేరాక ఇష్టపడింది. రాతలో ఎప్పుడూ మొదటి మార్కు ఆమెదే. మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. ఒకసారి 'గ్రాత్సియె' అని కృతజ్ఞత చెప్పబోయి, అలవాటుకొద్దీ "గ్రాత్సియె అండి" అంది. తరగతంతా నవ్వింది. ఆనాటితో ఆమె నోటికి తాళం పడింది.

నోటి పరీక్ష దగ్గరపడింది. అది తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది, హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి పోవాలి. పరిమళగారు నన్ను ఆమె ముందు పెట్టారు.

"కాఫీ పెడుతూ ఏం చేస్తున్నావో ఇటాలియన్‌లో చెప్పు. నా వంక చూడకు, దీని వంకే చూడు."

రెండు వారాలు సాధన చేసి సువార్త అంతా కంఠస్థం పట్టింది.

పరీక్షకు ఢిల్లీ నుంచి ఒక ఇటాలియన్ ఆవిడ వచ్చారు. సువార్త కరెంటు పొయ్యి వెలిగించి ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "ఇప్పుడు నీళ్లు పోస్తున్నాను," అంది. పోయలేదు. నాకు నోరు లేదాయె. కాసేపటికి నా అరల నడుమ బిగించిన రబ్బరు చుట్టు కమిలి, గదంతా పొగ కమ్మింది. ఆమె చున్నీతో నన్ను పట్టి దించింది.

"ఏమైంది?" అని ఆవిడ ఇటాలియన్‌లో అడిగారు.

బట్టీ పట్టిన పాఠంలో దానికి జవాబు లేదు. సువార్త తడబడుతూనే అందుకుంది. నీళ్లన్న మాట పలికాను గాని పోయడం మరిచానండి, ఇది మా మేడంగారు మీ దేశం నుంచి ప్రాణంలా తెచ్చుకున్నది, మార్కులు తగ్గించినా సరే, ముందు కిటికీలు తెరవనివ్వండి, అంది. క్రియలన్నీ తప్పులే. ఆవిడ నవ్వి ఆమె ఇంటి సంగతులు అడిగారు. మగ్గాల దగ్గర మొదలైన మాట కాఫీలో పాల మీదికి పోయింది. మధ్యాహ్నం దాటాక పాలు పోయడం తప్పన్నారు ఆవిడ. మా ఊళ్లో అసలు కాఫీ సాయంత్రం నాలుగింటికేనని సువార్త పట్టుబట్టింది. పది నిమిషాల పరీక్ష అరగంట నడిచింది.

ఆమె గట్టెక్కింది. నా అడుగు వంకరపోయింది.

"మీ వస్తువు పాడుచేశాను మేడం," అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పోనీలే. నువ్వు బట్టీ పట్టినదానికి ఆవిడ ఒక్క మార్కూ వెయ్యలేదు. వేసినవన్నీ పొగ లేచాక మాట్లాడినదానికే," అన్నారు పరిమళగారు.

ఇప్పుడు నేను స్టాఫ్‌రూము కిటికీలో పెన్నులు మోస్తున్నాను. వరండాలోంచి సువార్త గొంతు రోజూ వినబడుతుంది. క్రియలు ఇంకా తప్పుగానే పలుకుతోంది, ఆగడం మాత్రం మానేసింది.