నలభై రెండు ఓటములు

అనూహ్యకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు కూర్చుని రాసుకున్న, చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం వంద ఆటల పోటీలో నలభై రెండు ఓడిందట, అందుకని లీగ్‌లోంచే తీసేశారట. కిషన్‌బాగ్ నుంచి దబీర్‌పురా దాకా ఆటోలో ఆ పోటీలు నడిపే నందును తిట్టుకుంటూనే వచ్చింది.

నందు కంప్యూటర్ ముందు తాపీగా లుఖ్మీ తింటున్నాడు.

"నీ ప్రోగ్రామే జవాబియ్యలే. నేనేం జెయ్యాలె?"

"యాభై ఎనిమిది ఆటలల్ల ఒక్కటి గూడ ఓడలే. తర్వాతి దాంట్ల ఆగింది, నా తప్పే. దాన్ని మల్ల షురూ చెయ్యకుండ మిగిలిన నలభై ఒకటి గూడ ఓడినట్టు రాస్తవా? అండ్ల ఒక్క పావు గూడ కదిలిందా?"

"రాసింది నేను గాదు, కంప్యూటర్. దానికి నీ మీద పగ ఉంటదా?"

ఆ మాటతో ఆమె కోపం నషాళానికంటింది. తమ బద్ధకాన్ని యంత్రం మీదికి నెట్టి చేతులు దులుపుకునే మనుషులంటే ఆమెకు అసహ్యం. ఫలితాల మీద సంతకం పెట్టేవాడికి ఒక్క ఆటైనా తెరిచి చూసే ఓపిక ఉండొద్దా?

"పోయినేడు ఆటలు తియ్యి. ఎవల్ని గిట్ల ముంచినవో చూస్త."

"అవి వద్దులే అనూహ్యా."

"తియ్యమన్న!"

తీశాడు. ఫైనల్లో ముప్పై ఆరు ఆటలు ఒక్క ఎత్తు లేకుండా ముగిశాయి. ఓడినట్టు రాసింది రామలింగయ్య ప్రోగ్రాంను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కోడ్ రాయడం నేర్చుకున్న పెద్దమనిషి. ఆ ముప్పై ఆరూ తీసేస్తే ఆయనే ముందున్నాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ పోటీకి రాలేదు.

గెలిచింది అనూహ్య.

ఆ రోజు ఆయన ఫోన్ చేశాడు కూడా. "నా ప్రోగ్రాం ఆడనే లేదమ్మా, జర ఆటలు తెరిచి సూడు" అని బతిమాలాడు. ఓడినవాళ్లు అలాగే అంటారనుకుంది. "కంప్యూటర్ తప్పు చెప్పదు అంకుల్" అని పెట్టేసింది.

ఇప్పుడు తనను తాను లాగి ఒక్కటి కొట్టుకోవాలనిపిస్తోంది.

అక్కడే నిలబడి ఆయన నంబరు కలిపింది.

"అనూహ్యనా! మంచిగున్నవా బిడ్డా? ఈయేడు గూడ గెలిచినవా?"

"లేదు అంకుల్" అంది. "పోయినేడు గూడ గెల్వలే."