సోడా విరుగుడు

తమ్ముడు మంచమెక్కి అన్న ఛాతీ మీద మోకాలు ఆనించాడు. ఎడమచేత్తో దవడలు నొక్కిపట్టి, చెంబెడు వంటసోడా నీళ్లు గొంతులో కుమ్మరించాడు.

"మింగన్నా! నీ మంచికే!"

అన్నదమ్ములిద్దరిదీ తోళ్ల కార్ఖానాలో పని. ఆసిడ్‌లో ఊరిన తోలుకు రంగు సరిగా పట్టదు. తోళ్లు తిప్పే డ్రమ్ములో సోడా వేసి పులుపు విరిచాకే రంగు లోపలికి దిగుతుంది. తమ్ముడికి తెలిసిన విద్య అదొక్కటే.

అన్న మెడలో క్యాన్సర్ గడ్డ. ఎక్కించిన మందు పనిచేయలేదని నిన్ననే డాక్టరమ్మ చెప్పింది.

"ఒంట్లో కాపలా కణాలుంటాయి. మందు వాటిని గడ్డ మీదికి ఉసిగొల్పుతుంది. గడ్డేమో తన చుట్టూ ఆసిడ్ కక్కుకుంటోంది. అందులో దిగేసరికి వాటి సత్తువ చచ్చిపోతోంది. శత్రువు ఎదురుగా ఉన్నా చెయ్యి లేవదు."

"సోడా పోస్తే విరిగిపోదా అమ్మా?"

"తాగిన సోడా గడ్డనేం చేయదు, ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పని మాత్రం చెయ్యకు. ఇంకో మందుంది. మనిషి తట్టుకోవాలి, అంతే."

ఈవిడ ఏనాడైనా డ్రమ్ము తిప్పిందా అనుకుంటూ ఇంటికొచ్చాడు తమ్ముడు.

ఇప్పుడు అన్న కళ్లు తేలేశాడు. కాళ్లు మంచప్పట్టెకు టపటపా కొట్టుకున్నాయి. వదిన పీటెత్తి మరిది వీపు మీద బాదింది.

"వదలరా చచ్చినోడా! చంపేస్తున్నావురా నా మొగుణ్ణి!"

పీట విరిగింది. వాడు కదల్లేదు.

అన్న పిడికిలి లేచింది. పచ్చితోళ్ల మీది కండ గీకి గీకి రాటుదేలిన పిడికిలి. మొదటి దెబ్బకు తమ్ముడి పెదవి చీలింది, రెండో దెబ్బకు పన్ను ఊడి చెంబులో పడింది. అన్న పక్కకు పొర్లి భళ్లున కక్కుకున్నాడు. ఒలికిన సోడా మీద వాంతి పడి, నెత్తురుతో కలిసి బుసబుస పొంగింది.

"నేనేమన్నా చచ్చిన తోలునట్రా," అన్నాడు రొప్పుతూ, "డ్రమ్ములో వేసి తిప్పడానికి?"

ఆసుపత్రిలో అన్నకు సెలైన్ పెట్టారు. తమ్ముడి పెదవికి కుట్లు పడ్డాయి.

"ఇంకో చెంబు పోసుంటే శవాన్ని మోసుకొచ్చేవాడివి," అని డాక్టరమ్మ కడిగేసింది. "ఆ మూతి ఎవరు పగలగొట్టారు?"

"ఆయనే," అంది వదిన.

డాక్టరమ్మ అన్న అరచేతిలో తన వేళ్లు పెట్టి నొక్కమంది. నొక్కగానే "అబ్బా" అని లాక్కుంది. "తట్టుకునే సత్తువుంది. సోడాతో చెడిన రక్తం కుదుటపడనీ. కొత్త మందు మొదలుపెడదాం."

ఆమె వెళ్లాక తమ్ముడు వాచిన మొహం అన్న దగ్గరికి వంచాడు.

"ఇంకొక్కటి కొట్టన్నా."

సెలైన్ సూది లేని చేత్తో అన్న ఈడ్చి కొట్టాడు. కుట్టు తెగింది.